పెద్ద టైరు ఎక్కించే ముందు: చుట్టుకొలత, రిమ్ము, బరువు

(విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మీద మక్కువ ఉన్నవాళ్లూ, టైర్ల షాపులవాళ్లూ కలిసి కూర్చున్న ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద అంకెలు చాలా రాయాలి, అంత దూరానికి కనపడవు.

బయట పోలో జీటీలు ఉన్నాయి, వర్టస్‌లు ఉన్నాయి, ఐ20 ఎన్ లైన్‌లు ఉన్నాయి. వచ్చినవాళ్లలో సగం మంది మనసులో ఉన్న ప్రశ్న ఒకటే. "నా కారుకి ఎంత వెడల్పు టైరు ఎక్కుద్ది?" అవునా? ఈ ప్రశ్న ఇదే వీధిలో ఏ షాపులో అడిగినా జవాబొస్తుంది. "225 ఎక్కుద్దండీ, ఏం పర్లేదు." ఎక్కుద్ది, నిజమే. మిషను మీద రెండు నిమిషాల పని. షాపులవాళ్లు నవ్వుతున్నారు, మిమ్మల్ని అనట్లేదండీ. ఎక్కడం వేరు, కుదరడం వేరు అంటున్నాను. ఇవాళ చెప్పేదంతా ఆ కుదరడం గురించే.

ముందు ఒక్క మాట తేల్చుకోండి. టైరు ఎందుకు మారుస్తున్నారు? గ్రిప్పు కోసమా, చూపు కోసమా? చూపు కోసమైతే తప్పేం లేదు, కానీ ఆ మాట మీలో మీరన్నా ఒప్పుకోండి. అప్పుడు లెక్క వేరు. గ్రిప్పు కోసమైతే మొదట మార్చాల్సింది సైజు కాదు, రబ్బరు. కంపెనీ నుంచి కారుతో పాటు వచ్చే టైరు మైలేజీకీ, ఎక్కువ కిలోమీటర్లు రావడానికీ చేసింది. అదే సైజులో మంచి పెర్ఫార్మెన్స్ టైరు వేస్తే బ్రేకింగులో, తడి రోడ్డు మీద వచ్చే తేడా, పాత రకం రబ్బరునే పది మిల్లీమీటర్లు వెడల్పు చేస్తే వచ్చే తేడా కంటే ఎక్కువ. చాలామందికి అక్కడితో పని అయిపోతుంది. ఇంకా కావాలి అనుకున్నవాళ్ల కోసం మిగతా గంట.

ఇక్కడే ఒక జాగ్రత్త. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని 200, 300, 400 అని అంకె ఉంటుంది. తక్కువ ఉంటే మెత్తని రబ్బరు అనుకుంటాం. ఒకే కంపెనీ టైర్లు రెండు పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. వేర్వేరు కంపెనీలవి పోల్చడానికి నమ్మొద్దు, ఎందుకంటే ఆ అంకె ఎవరిది వాళ్లే వేసుకుంటారు.

సరే, బోర్డు చూడండి. 205/55 ఆర్16 91వి. వర్టస్ వాళ్లకి బాగా తెలిసిన సైజు. 205 అంటే టైరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, దాని ఎత్తు, ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే పేరులో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిపేశారు, అందుకే అందరూ తికమకపడతారు. 91 బరువు అంకె, వి వేగం అక్షరం. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

లెక్క వేద్దాం. 16 అంగుళాలని 25.4తో హెచ్చిస్తే 406.4 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ 205లో 55 శాతం, అంటే 112.75. పైనా కిందా రెండు కాబట్టి 225.5. మొత్తం 631.9 మిల్లీమీటర్లు. ఇదీ మీ టైరు వ్యాసం. దీన్ని బోర్డు మూల రాసి పెడుతున్నాను, చెరపకండి. ఇవాళంతా దీంతోనే పని.

ఇప్పుడు వేరే సైజులు. 215/55 ఆర్16 వేస్తే 642.9, అంటే 1.7 శాతం పెద్దది. 225/50 ఆర్16 వేస్తే 631.4. తేడా అర మిల్లీమీటరు! ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. 17 అంగుళాలకి వెళ్తే 215/45 ఆర్17 అంటే 625.3, ఒక శాతం చిన్నది. 225/45 ఆర్17 అంటే 634.3, 0.4 శాతం పెద్దది. 205/50 ఆర్17 అంటే 636.8, 0.8 శాతం. 215/50 ఆర్17 అంటే 646.8, ఏకంగా 2.4 శాతం. 18కి వెళ్తే 225/40 ఆర్18 అంటే 637.2, 0.8 శాతం. ఐ20 ఎన్ లైన్ వాళ్లకి స్టాక్, అంటే కంపెనీ ఇచ్చిన సైజు, 195/55 ఆర్16, వ్యాసం 620.9. దానికి 205/45 ఆర్17 వేస్తే 616.3, 215/45 ఆర్17 వేస్తే 625.3. రెండూ ఒక శాతం లోపే.

ఎంత తేడా వరకు పర్లేదు? మూడు శాతం అని అందరూ చెబుతారు. అది గోడ లాంటి హద్దు, గురి పెట్టాల్సిన చోటు కాదు. నన్నడిగితే పెర్ఫార్మెన్స్ కారుకి ఒకటిన్నర శాతం లోపల ఉండండి, పెద్దదయినా చిన్నదయినా.

ఎందుకంటారా? మొదటిది స్పీడోమీటరు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చూపిస్తుంది. 2.4 శాతం పెద్ద టైరు వేస్తే, ఇదివరకు మీటరు 100 చూపించినప్పుడు ఎంత వేగంలో ఉండేవారో, ఇప్పుడు అదే 100 దగ్గర దాని కంటే రెండున్నర కిలోమీటర్లు వేగంగా పోతుంటారు. కంపెనీ మీటర్లు మామూలుగా కొంచెం ఎక్కువే చూపిస్తాయి కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటంతా టైరు తినేస్తే కాజా టోల్‌గేటు దాటాక స్పీడు కెమెరా ముందు మీ మీటరు మీకు సాక్ష్యం చెప్పదు.

రెండోది గేరింగు. ఇంజిను తిప్పే బలం అంతే ఉంది, చక్రం వ్యాసార్థం పెరిగింది. రోడ్డు మీద తోసే బలం అదే శాతంలో తగ్గుతుంది. వేలకు వేలు పోసి రీమ్యాప్ చేయించి, అంటే బలం పెరిగేలా ఇంజిను కంప్యూటరు సెట్టింగు మార్పించి, మళ్లీ 2.4 శాతం పెద్ద టైరు వేసి అందులో కొంత వెనక్కిచ్చేస్తే ఏం లాభం చెప్పండి? కొంచెం చిన్న టైరు వేస్తే ఎదురు ఫలితం, పికప్పు కాస్త పదునవుతుంది, హైవే మీద ఆర్పీఎం కాస్త పెరుగుతుంది.

మూడోది ఏబీఎస్, ఈఎస్‌పీ. బ్రేకేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా, కారు జారకుండా చూసే ఈ రెండూ నాలుగు చక్రాల వేగాలు పోల్చుకుంటాయి. నాలుగూ ఒకే శాతం మారితే వాటికి పెద్దగా పట్టదు. ముందు ఒక వ్యాసం, వెనక ఇంకో వ్యాసం వేస్తే మాత్రం ఒక ఇరుసు ఎప్పుడూ జారుతోందేమో అనుకుంటాయి. ఆడి క్వాట్రో, టిగువాన్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి ఇది ఇంకా కఠినం. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే మోడలు, ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే ముందు, వెనక ఇరుసులకి బలం పంచే క్లచ్ ప్యాకో, డిఫరెన్షియలో ఊరికే రాపాడుతూ వేడెక్కుతుంది. గాలి తగ్గిందని చక్రం వేగాన్నిబట్టి చెప్పే కార్లున్నాయి, వాటిలో టైరు మార్చాక ఆ సిస్టమ్‌ని రీసెట్ చెయ్యాలి. మర్చిపోతే రెండోరోజే లైటు వెలుగుతుంది, టైరు షాపువాణ్ణి తిట్టుకుంటారు.

రిమ్ము వెడల్పు దగ్గరే అసలు కథ

ఇప్పుడు అసలు విషయం. టైరు వెడల్పు గురించి అందరూ అడుగుతారు, రిమ్ము వెడల్పు గురించి అడిగేవాళ్లు ఎంతమంది? మీ రిమ్ము వెనక పక్క చూడండి, 6జె అనో, 6.5జె అనో, 7జె అనో పోతపోసి ఉంటుంది. అది లోపలి అంచు నుంచి అంచుకి అంగుళాల్లో వెడల్పు. ప్రతి టైరు సైజుకీ ఇంత నుంచి ఇంత వరకు రిమ్ము అని ఒక పరిధి ఉంది, టైరు కంపెనీల డేటా పుస్తకాల్లో దొరుకుతుంది. 205/55 ఆర్16కి 5.5 నుంచి 7.5 అంగుళాలు, కొలత రిమ్ము, అంటే టైరు వెడల్పు కొలిచేటప్పుడు కంపెనీ వాడే రిమ్ము, 6.5. 225/50 ఆర్16కి 6 నుంచి 8, కొలత రిమ్ము 7. 215/45 ఆర్17కి 7 నుంచి 8. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5, కొలత రిమ్ము 7.5. 225/40 ఆర్18కి 7.5 నుంచి 9, కొలత రిమ్ము 8.

ఇందులో ఏం కనిపిస్తోంది? ప్రొఫైలు, అంటే ఆ 55, 50, 45 శాతం అంకె, తగ్గేకొద్దీ కనీస రిమ్ము వెడల్పు పెరుగుతోంది. 225/50కి 6 అంగుళాలు సరిపోతాయి, 225/45కి 7 కావాలి. సైడ్‌వాల్ పొట్టిదైతే వంగడానికి చోటు ఉండదు, రిమ్ము దాని వెడల్పుకి తగ్గట్టు ఉండాల్సిందే.

మరి 6జె రిమ్ము మీద 225/50 పరిధిలోనే ఉంది కదా, వేసెయ్యొచ్చా? పరిధి చివర అది. కారు నడుస్తుంది, ప్రమాదమేం లేదు. కానీ ఏమవుతుంది? సైడ్‌వాల్ రెండూ లోపలికి ముడుచుకుంటాయి, పొట్ట బయటికి వస్తుంది, రోడ్డు మీద ఆనే భాగం, అంటే ట్రెడ్, మధ్యలో గుండ్రంగా ఉబ్బుతుంది. నేరుగా పోయేటప్పుడు మధ్య ట్రెడ్ అరుగుతుంది, మలుపులో బయటి భుజం మీద పడి సైడ్‌వాల్ ఒరిగిపోతుంది. స్టీరింగు తిప్పిన తర్వాత కారు తిరగడానికి ఒక క్షణం ఆలోచించుకున్నట్టు ఉంటుంది. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు కంటే, సరైన రిమ్ము మీద ఒక సైజు తక్కువ టైరు చురుగ్గా ఉంటుంది. ఇది మళ్లీ చెబుతున్నాను: 6జె మీద 225 కంటే, 7జె మీద 205 చేతికి బాగుంటుంది. డబ్బు ముందు రిమ్ము వెడల్పు మీద పెట్టండి, తర్వాత టైరు వెడల్పు మీద.

రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు అసలు వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. టైరు మీద 225 అని రాసి ఉండటం ఒక పేరు, కొలిస్తే వచ్చేది రిమ్మునిబట్టి ఉంటుంది. కంపెనీనిబట్టి కూడా. ఒకే 225లో ఒక కంపెనీది భుజం గుండ్రంగా ఉంటుంది, ఇంకోదానిది పలకలా ఉంటుంది, పైగా రిమ్ముకి గీతలు పడకుండా అంచు ఉబ్బుగా ఉంటుంది. "మా ఫ్రెండు కారుకి 225 రాసుకోలేదు, నాకు రాసుకుంటోంది" అంటే కారణం ఇదే. ఫ్రెండుది ఏ టైరో, ఏ రిమ్మో, ఏ ఆఫ్‌సెట్టో కనుక్కోండి.

ఆఫ్‌సెట్టు. రిమ్ము వెనక ఈటీ 40 అని ఉంటుంది చూడండి. రిమ్ము నడిమి గీత నుంచి, హబ్బుకి (కారుకి చక్రం బిగించే చోటుకి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో ఆ అంకె. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. లెక్క ఒకటి చేసి చూద్దాం. మీ స్టాక్ 6జె, ఈటీ 40 అనుకోండి. 6 అంగుళాలంటే 152.4 మిల్లీమీటర్లు, సగం 76.2. లోపలి అంచు హబ్బు ముఖం నుంచి 76.2కి 40 కలిపితే 116.2. బయటి అంచు 76.2లో 40 తీస్తే 36.2. ఇప్పుడు షాపులో 7.5జె, ఈటీ 38 చూపించారు. 7.5 అంగుళాలంటే 190.5, సగం 95.25. లోపలికి 133.25, బయటికి 57.25. తేడా ఎంత? లోపలికి 17 మిల్లీమీటర్లు, బయటికి 21 మిల్లీమీటర్లు.

ఈ రెండు అంకెలు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లండి. ముందు చక్రం లోపల సైడ్‌వాల్‌కీ, షాక్ అబ్సార్బరుకీ మధ్య సందు ఎంత ఉంది? వేలు పెట్టి కాదండీ, స్కేలు పెట్టి. సందు 20 ఉంది అనుకోండి, 17 తినేశారు, మిగిలింది 3. పైగా టైరు కూడా వెడల్పయింది, ఒక్కో పక్క పది మిల్లీమీటర్లు. ఇంకేం మిగిలింది? కొంచెం ఆగండి, ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 7.5జె రిమ్ము మీద టైరు నిటారుగా ఉంటుంది, రిమ్ము అంచుని దాటి పెద్దగా బయటికి రాదు. స్టాక్‌లో 6జె మీద 205 పొట్ట అంచుని దాటి వస్తుంది. అందుకని రిమ్ము అంచు లెక్కతో మొదలుపెట్టినా, తేల్చుకోవాల్సింది టైరు అసలు వెడల్పు సగంతోటే. 225 టైరు 7.5 మీద 225 ఉంటే సగం 112.5, దానికి 38 కలిపితే లోపలికి 150.5. స్టాక్ 205 టైరు 6 మీద దాదాపు 200 ఉంటుంది, సగం 100, 40 కలిపితే 140. అసలు తేడా పదిన్నర మిల్లీమీటర్లు. సందు 20లో తొమ్మిదిన్నర మిగిలింది. బాగానే ఉంది. షాక్ అబ్సార్బరు దగ్గర కనీసం 4, 5 మిల్లీమీటర్లు మిగలాలి.

స్పేసర్, అంటే హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెట్టే పళ్లెం, వేసి బయటికి జరిపితే సరిపోదా అని అడుగుతారు. జరుగుతుంది. కానీ చక్రం బయటికి జరిగేకొద్దీ, స్టీరింగు తిరిగే ఇరుసు గీత రోడ్డుని తాకే చోటుకీ, టైరు మధ్యకీ దూరం మారుతుంది. టర్బో ముందు చక్రాల కార్లలో గట్టిగా యాక్సిలరేటరు తొక్కితే స్టీరింగు చేతిలో లాగుతుంది. గుంతలో పడితే తన్నుతుంది. బేరింగు మీద భారం పెరుగుతుంది. ఆఫ్‌సెట్టు స్టాక్‌కి 5 మిల్లీమీటర్ల దగ్గరలో ఉంచుకుంటే ఈ గొడవలు పెద్దగా ఉండవు. వెడల్పు రిమ్ము కావాలంటే రెండు పక్కలా సమంగా పెరిగేది వెతకండి.

బోల్టుల మాట కూడా చెప్పి ముందుకు పోతాను. పోలో, వర్టస్‌లది 5 బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం, హబ్బు మధ్య రంధ్రం 57.1. బయట అమ్మే అలాయ్‌లకి మధ్య రంధ్రం పెద్దదిగా ఉంటుంది. అందులో రింగు వెయ్యకపోతే చక్రం హబ్బు నడిమికి సరిగ్గా కుదరదు, ఎనభై, తొంభై దగ్గర స్టీరింగు వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా పోదు. రెండోది బోల్టు తల. వోక్స్‌వ్యాగన్, స్కోడా కంపెనీ బోల్టుల కింది భాగం గుండ్రం. బయటి అలాయ్‌లకి ఎక్కువగా కోను ఆకారం. గుండ్రం బోల్టు కోను గుంతలో కూర్చోదు, ఒక సన్నని గీత మీద ఆనుతుంది. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, నడిచాక వదులవుతుంది. అలాయ్ కొన్నప్పుడే దానికి తగ్గ బోల్టులు అడిగి తీసుకోండి. బిగింపు టార్క్ రెంచితో, ఆ కార్లకి మామూలుగా 120 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో టకటకా కొట్టి పంపించేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, చూసుకోండి. యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి రెంచి పెట్టాలి.

బరువు అంకె, గాలి

ఇప్పుడు 91. ఇది ఒక టైరు మొయ్యగల బరువుకి కోడు. 91 అంటే 615 కేజీలు. 87 అంటే 545, 88 అంటే 560, 94 అంటే 670. వేగం అక్షరాల్లో హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270, వై 300 కిలోమీటర్లు. రెండింటిలో ఏదీ స్టాక్ కంటే తగ్గకూడదు. 225/45 ఆర్17 తీసుకుంటే 91 ఉంటుంది, 94 ఎక్స్‌ఎల్, అంటే ఎక్కువ బరువు మోసే రకం, కూడా ఉంటుంది. 94 పెద్దది కదా, అదే మేలు కదా?

మేలే, కానీ గాలి సరిగ్గా పెట్టినవాళ్లకే. మామూలు టైరు ఆ 615 కేజీలు మోసేది 2.5 బార్ దగ్గర, అంటే 36 పీఎస్ఐ. ఎక్స్‌ఎల్ టైరు ఆ 670 మోసేది 2.9 బార్ దగ్గర, 42 పీఎస్ఐ. మీరు ఎక్స్‌ఎల్ వేసి అదే 36 పెడితే అది మోసేది దాదాపు 595 కేజీలే. అంటే పాత 91 కంటే తక్కువ! డోరు పక్కన స్టిక్కరు మీద ఉన్న గాలి స్టాక్ టైరుకి రాసింది. ఎక్స్‌ఎల్ వేస్తే అదే బరువుకి 2 నుంచి 3 పీఎస్ఐ ఎక్కువ పెట్టాలి. "ఖరీదైన టైరు వేసినా రెండు భుజాలూ అరిగిపోయాయి" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

గాలి ఎప్పుడు కొలవాలి? మన ఎండలు తెలుసుగా. మే నెలలో మధ్యాహ్నం బెంజి సర్కిల్ పెట్రోలు బంకులో కొలిస్తే పొద్దున పెట్టిన 34 కాస్తా 39 చూపిస్తుంది. టైరు వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. అది చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువ గాలితో తిరుగుతారు. పొద్దున్నే, కారు కదలక ముందు కొలవండి. సొంత గేజీ ఒకటి కొనుక్కోండి.

రిమ్ముకి కూడా బరువు హద్దు ఉంటుంది, వెనక కేజీల్లో పోతపోసి ఉంటుంది. జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాను గుర్తులు కొన్నిటి మీద ఉంటాయి. ఏ గుర్తూ, ఏ అంకే లేని రిమ్ము ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి.

వెడల్పు వల్ల గ్రిప్పు పెరుగుతుందా? ఇందాకటి నుంచి ఎవరో ఒకరు అడుగుతారని చూస్తున్నా. చక్రం మీద 400 కేజీలు ఉన్నాయి, గాలి 32 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.25 కేజీలు. భాగిస్తే రోడ్డు మీద ఆనే చోటు సుమారు 178 చదరపు సెంటీమీటర్లు. ట్రెడ్ వెడల్పు 17 సెంటీమీటర్లయితే ఆ చోటు పొడవు పదిన్నర. ట్రెడ్ 19 అయితే పొడవు 9.4. సైడ్‌వాల్ కూడా కొంత మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. కానీ విషయం అర్థమైంది కదా? వెడల్పు పెంచితే చోటు పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. అడ్డంగా పొడుగు, నిలువునా పొట్టి. మలుపులో ఈ ఆకారం మంచిది, స్టీరింగుకి వెంటనే పలుకుతుంది, రబ్బరు ఎక్కువ ఉంది కాబట్టి వేడి తట్టుకుంటుంది. అయితే పట్టు వదిలేటప్పుడు మెల్లగా కాకుండా చటుక్కున వదులుతుంది.

వానలో? అదే ఆకారం ఎదురు తిరుగుతుంది. ఎక్కువ వెడల్పు నీటిని తక్కువ పొడవులో తోసెయ్యాలి. 1963లో నాసా వాళ్లు విమానాల టైర్ల మీద చేసిన పరీక్షల్లోంచి ఒక సూత్రం వచ్చింది: పీఎస్ఐలో గాలికి వర్గమూలం తీసి తొమ్మిదితో హెచ్చిస్తే, నిలిచిన నీటి మీద టైరు తేలే వేగం నాట్లలో వస్తుంది, ఒక నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. 32 పీఎస్ఐకి అది గంటకి 94 కిలోమీటర్లు. 26కి తగ్గితే 85. కారు టైరుకి ఈ అంకెలు అచ్చంగా వర్తించవు, ట్రెడ్ లోతు, ఆకారం కలుస్తాయి. దిశ మాత్రం చెబుతాయి: గాలి తక్కువ, టైరు వెడల్పు, ట్రెడ్ అరిగింది, ఈ మూడూ కలిస్తే గుంటూరు హైవే మీద ఒక్క జల్లుకే స్టీరింగు తేలికైపోతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ చాలంటుంది. 225 వేసినవాళ్లు మూడు దగ్గరే మార్చుకోండి.

బరువు ఇంకొకటి. 16 నుంచి 17కి పోతే చక్రానికి ఒకటి నుంచి మూడు కేజీలు పెరగొచ్చు. ఆ బరువు స్ప్రింగు కింద ఉంటుంది, పైగా తిరుగుతుంది. అంచున ఉన్న కేజీ యాక్సిలరేషన్‌లో కారులో కూర్చున్న దాదాపు రెండు కేజీలతో సమానం. షాపులో తూకం మిషను ఉంటే స్టాక్ చక్రం, కొత్త చక్రం రెండూ తూయించండి. అడగడానికి మొహమాటపడకండి, డబ్బు మీది.

సైడ్‌వాల్ ఎత్తు. 205/55కి 113 మిల్లీమీటర్లు, 225/45కి 101, 215/45కి 97, 225/40కి 90. మన ఊళ్లో కారు దేని మీద తిరుగుతుందో ఆలోచించండి. రామవరప్పాడు నుంచి ఏలూరు రోడ్డు, వానలయ్యాక సింగ్ నగర్ వైపు, పల్లెటూళ్లలో రంగు కూడా వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. గుంత అంచు మీద పడ్డప్పుడు సైడ్‌వాల్ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలుగుతుంది, లోపలి దారాలు తెగుతాయి, మర్నాటికి బుడగ వస్తుంది. బుడగ వచ్చిన టైరుకి ప్యాచ్ లేదు, మార్చడమే. రోజూ నడిపే కారుకి ఇక్కడ 17 అంగుళాలు, 45 ప్రొఫైలు చివరి మెట్టు అని నా అభిప్రాయం. 18 వేసుకుంటామంటే వేసుకోండి, ఒక టైరు అదనంగా కొని ఇంట్లో పెట్టుకోండి.

ఇందాక 225/50 ఆర్16 గుర్తుపెట్టుకోమన్నాను. 16 అంగుళాలే ఉంచి, 7జె రిమ్ముకి మారి, 225/50 వేస్తే వెడల్పు వచ్చింది, సైడ్‌వాల్ 112 మిల్లీమీటర్లు అలాగే ఉంది, స్పీడోమీటరు మారలేదు, రిమ్ము బరువు పెద్దగా పెరగలేదు. కాగితం మీద చూస్తే అన్నిటికంటే తెలివైన సైజు. చూపు ఉండదు, అందుకే ఎవరూ అడగరు. చిక్కల్లా టైరు దొరకడం. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు ఉంటేనే అన్నట్టు నియంత్రించింది. అప్పటి నుంచి ఇక్కడ తయారుకాని సైజులు దొరకడం కష్టమైంది. అందుకే రిమ్ము కొనే ముందు టైరు ఉందో లేదో అడగండి, ఒక్క మోడలు కాదు, కనీసం రెండు కంపెనీల్లో ఉండాలి. రేపు ఒక టైరు పోతే జత దొరకాలి కదా. 225/45 ఆర్17, 205/55 ఆర్16 ఈ విషయంలో నిశ్చింత. ఐఎస్ఐ గుర్తు చూడండి. తయారీ తేదీ నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం. అరుదైన సైజులు గోడౌన్లో ముసలివవుతుంటాయి.

ట్రాకు కోసం అడిగేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వెళ్తారు కదా? వాళ్లకి వేరే చక్రాల జత పెట్టుకోమంటాను. పెద్ద రిమ్ము వద్దు, బ్రేకు క్యాలిపర్ తగలకుండా పట్టే చిన్న రిమ్ము, మెత్తని రబ్బరు. చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు పీఎస్ఐ తగ్గించి బయల్దేరి, ప్రతి సెషన్ తర్వాత వేడి మీద నాలుగూ కొలిచి సమం చేసుకోవాలి. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవాలి, అది మర్చిపోయి నాలుగువందల కిలోమీటర్లు హైవే మీద తక్కువ గాలితో వస్తే ట్రాకు మీద పోని టైరు దారిలో పోతుంది.

కొనే రోజు ఏం చెయ్యాలి? నాలుగూ ఎక్కించమనకండి. ముందు ఒక్క చక్రం. ముందు ఎడమ పక్క బిగించి, జాకు దించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పండి. రివర్సులో కూడా, ఎందుకంటే లైనరు, అంటే చక్రం చుట్టూ లోపల ఉండే ప్లాస్టిక్ తొడుగు, దాని వెనక అంచు అప్పుడే తగులుతుంది. షాక్ అబ్సార్బరు మీద, లైనరు మీద చిన్న మైనపు ముద్ద అంటించి చూస్తే ఎక్కడ తగిలిందో గీత పడుతుంది. తర్వాత అదే చక్రం వెనక బిగించి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి స్పీడ్ బ్రేకరు దాటించండి. ఖాళీ కారులో ఏ టైరూ రాసుకోదు. రాసుకున్నది ప్లాస్టిక్ లైనరుకైతే దాన్ని హీట్ గన్నుతో కాస్త వెనక్కి నొక్కొచ్చు. ఇనుప అంచుకైతే ఆ సైజు వదిలెయ్యండి. నాలుగూ వేశాక అలైన్‌మెంట్ చేయించి, ప్రింటు తీసుకోండి. వెడల్పు టైరు రోడ్డు మీద లారీల చారలు పట్టుకుని పక్కకి లాగుతుంది, అది కొంత సహజం. ప్రింటు చేతిలో ఉంటే అది రోడ్డు లాగుడో, అలైన్‌మెంట్ తప్పో తెలుస్తుంది.

ఇన్సూరెన్సు గురించి. కంపెనీ వాడు అదే కారులో ఇంకో వేరియంట్‌కి ఇచ్చిన సైజు అయితే మాట్లాడటం తేలిక. దానికి బయట అయితే పాలసీ ఇచ్చినవాళ్లకి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు దాచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పుల గురించే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని చెప్పింది. టైరు బాడీ దాటి బయటికి రాకూడదు, ఇది అడగక్కర్లేదు.

సరే, ప్రశ్నలు. అక్కడ చెయ్యెత్తారు, చెప్పండి అన్నా. ముందు 205, వెనక 225 వెయ్యొచ్చా అంటున్నారు. కారు ఏది? ఐ20. వద్దండీ. ముందు చక్రాలు లాగే కారుకి ముందే పట్టు చాలక మలుపులో బయటికి పోతుంది. వెనక ఇంకా పట్టు పెంచితే ఇంకా బయటికి పోతుంది. వెనక వెడల్పు వేసేది బీఎండబ్ల్యూ లాంటి వెనక చక్రాలు తోసే కార్లకి. మీరు నాలుగూ ఒకటే వెయ్యండి, టైర్లు ముందుకీ వెనక్కీ మార్చుకునే వీలు కూడా ఉంటుంది.

ఇంకొకరు, అమ్మా మీరు. స్టెప్నీ సంగతి అడుగుతున్నారు, మంచి ప్రశ్న. నాలుగూ 225/45 ఆర్17 వేసి, స్టెప్నీ పాత 205/55 ఆర్16 ఉంచొచ్చు. వ్యాసం తేడా అర శాతం కూడా లేదు. ముందు టైరు పంక్చర్ అయితే వెనక చక్రం ఒకటి తీసి ముందు వేసి, స్టెప్నీని వెనక పెట్టండి, ఎనభై లోపు నడపండి. వ్యాసం తేడా రెండు శాతం దాటే సైజులు వేసుకున్నవాళ్లు మాత్రం పంక్చర్ షాపు దాకానే. ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోతారు: కొత్త అలాయ్‌లకి కోను బోల్టులు, స్టెప్నీ రిమ్ముకి గుండ్రం బోల్టులు. పాత బోల్టులు ఐదూ ఒక సంచిలో కట్టి డిక్కీలో జాకు పక్కన పెట్టుకోండి.